గాలి అడ్డు: నాలుగు రకాలు, మూడు నేలలు

సూర్యలంక ఇసుకలోనో, గండికోట బండల మీదో, వంజంగి కొండ వాలులోనో క్యాంప్ వేసేవాళ్లు టెంట్ కొనేముందు గంటల కొద్దీ వీడియోలు చూస్తారు. గాలి అడ్డు సంగతి మాత్రం స్టవ్ మూడోసారి ఆరిపోయాకే గుర్తొస్తుంది. అప్పుడు దుప్పటి కొసలు ఇద్దరు పట్టుకుని నిలబడితే మూడో మనిషి టీ కాస్తాడు. ఆ ఇద్దరికీ విశ్రాంతి ఇవ్వడానికి మన దగ్గర దొరికే సరుకు నాలుగు రకాలు: కర్రలతో కలిపి వచ్చే రెడీమేడ్ విండ్‌బ్రేక్, పంపుతో గాలి నింపి నిలబెట్టేది, ధాన్యం మీద కప్పే బరకం, నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్.

తీర్పు ముందే చెప్పేస్తాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో క్యాంపింగ్‌కైతే 50 శాతం (సగం ఎండను ఆపే) షేడ్ నెట్‌తో సొంతంగా కట్టుకున్నది మొదటి స్థానం. రెడీమేడ్ కర్రల రకం రెండోది, అదీ తాళ్లు, మేకులు మార్చుకుంటేనే. బరకం అత్యవసరానికి పనికొస్తుంది. గాలి నింపేది మన నేలలకు డబ్బు దండగ. అయితే ఏది కొన్నా ఒక మాట గుర్తుంచుకోవాలి: అడ్డు నిలబడేదీ కూలేదీ గుడ్డను బట్టి కాదు, తాళ్ల సంఖ్యను బట్టి, మేకు దిగిన నేలను బట్టి. పెట్టె మీద గుడ్డ గురించి పది లైన్లు ఉంటాయి, మేకుల గురించి ఒక్క లైను ఉండదు.

సందులున్న తెర ఎందుకు మేలు

గాలిని పూర్తిగా ఆపేస్తే మంచిదేగా అనిపిస్తుంది. కానీ సందు లేని తెరకు తగిలిన గాలి దాని పైనుంచి ఎగిరి, వెనకాల పీడనం తగ్గిన చోటికి సుడులు తిరుగుతూ దిగుతుంది. బరకం కట్టుకుని దాని వెనక అన్నం తింటుంటే పేపర్ ప్లేట్లు ఎదురు దిక్కున, అంటే తెర వైపే జరుగుతాయి. కారణం ఈ సుడే. బూడిద, ఇసుక కూడా అలాగే వెనక్కి వచ్చి పళ్లెంలో పడతాయి. తెరలో 40 నుంచి 50 శాతం సందులుంటే కొంత గాలి నెమ్మదిగా లోపలికి వచ్చి వెనక ఖాళీని నింపుతుంది కాబట్టి సుడి బలపడదు. గాలి తగ్గిన జాగా ఎక్కువ దూరం దొరుకుతుంది. మన తీరం వెంట సరుగుడు తోపులు చేసే పని ఇదే.

సందులున్న తెర వెనక, దాని ఎత్తుకు ఎనిమిది పది రెట్ల దూరం దాకా గాలి వేగం ఎంతో కొంత తగ్గుతుంది. హాయిగా కూర్చోగలిగే జాగా మాత్రం మొదటి నాలుగైదు రెట్లలోనే. 1.4 మీటర్ల తెర అయితే ఆరేడు మీటర్ల లోపు అన్నమాట. స్టవ్, కుర్చీలు, చాప, అన్నీ అక్కడే సర్దుకోవాలి.

ఎత్తు విషయంలో ఆశకు పోకూడదు. చాప మీద కూర్చునేవాళ్లకు 1.1 మీటర్లు చాలు, క్యాంపింగ్ కుర్చీల్లో కూర్చుంటే 1.4 కావాలి. 1.8 మీటర్లవి కూడా అమ్ముతున్నారు. నిలబడ్డా తల కనపడదు, పరదాలా ఉంటుందని కొంటారు. తెరను పడదోసే బలం ఎత్తుతో కాదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. 1.2 నుంచి 1.8కి వెళ్తే అది రెండుంపావు రెట్లవుతుంది. అంత ఎత్తు తెర నిలబెట్టడానికి ఎంత సరంజామా కావాలో చూస్తే దానికంటే ఇంకో టెంట్ వేయడం తేలిక.

పొడవు కూడా లెక్క ప్రకారమే ఉండాలి. తెర రెండు చివర్ల దగ్గర గాలి మలుపు తిరిగి ఇంకా వేగంగా కొడుతుంది. కూర్చునే జాగా ఎంత వెడల్పో, దానికి రెండు పక్కలా తెర ఎత్తంత కలుపుకోవాలి. నలుగురు కూర్చునే రెండు మీటర్ల జాగాకు 1.4 మీటర్ల ఎత్తు తెర అయితే దాదాపు 5 మీటర్ల పొడవు. అందుకే మూడు కర్రల మూడు మీటర్ల విండ్‌బ్రేక్ ఒక స్టవ్‌కు, ఒక మనిషికి తప్ప సరిపోదు. చవకగా దొరికినా కుటుంబానికి కొనకండి.

ఇంకొకటి. గాలి అడ్డు టెంట్‌ను కాపాడదు. రెండు మీటర్ల టెంట్ ముందు మీటరున్నర తెర పెడితే సుడి గాలి టెంట్ పైభాగానికే తగులుతుంది. టెంట్‌కు దాని తాళ్లు దానికి ఉండాలి. తెరను టెంట్ తాడుకో, టెంట్ కడ్డీకో కట్టడం మరీ ప్రమాదం. ఒకటి కూలితే రెండోదాన్నీ లాక్కుని పోతుంది.

నాలుగు రకాలు, ఒక్కొక్కటే

రెడీమేడ్ కర్రల రకం. గుడ్డలో నిలువుగా కుట్టిన గొట్టాల్లోకి కర్రలు దూరుతాయి, చుట్టేస్తే చంకలో పట్టేంత కట్ట. వీటిలో చెక్క కర్రలవి ఉంటాయి, ముక్కలు ముక్కలుగా కలిపే స్టీలు గొట్టాలవి ఉంటాయి, ఫైబర్‌గ్లాస్ కడ్డీలవి ఉంటాయి. చెక్కవి ఇసుకలో బాగుంటాయి: కింది కొస చెక్కి ఉంటుంది కాబట్టి 30 సెంటీమీటర్ల దాకా దిగుతాయి. గట్టి నేలలో సుత్తితో కొడితే కర్ర తల చీలిపోతుంది. ముందు గునపంతో బొక్క వేసి, తర్వాత కర్ర దించాలి. స్టీలు గొట్టాలు ఎప్పుడూ అతుకు దగ్గరే వంగుతాయి. కాబట్టి కొనేటప్పుడు అతుకు ఎక్కడుందో చూడండి. కర్ర సరిగ్గా నడిమిలో అతుకున్నదాని కంటే పైభాగంలో ఉన్నది మేలు. గొట్టం వ్యాసం 16 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఆలోచించక్కర్లేదు, వదిలేయండి. ఫైబర్‌గ్లాస్ తేలిక, కానీ ఒకసారి నిలువుగా పగిలితే ఆ పీచు చేతికి గుచ్చుకుంటుంది. టేపు చుట్టి ఇంటిదాకా తెచ్చుకోవచ్చు, అంతే.

ఈ రకానికి అసలు జబ్బు రెండు చోట్ల. ఒకటి, గొట్టం అడుగు కుట్టు: స్టీలు కర్ర అంచు రాత్రంతా అటూ ఇటూ కదిలి గుడ్డను కోస్తుంది. కుర్చీ కాళ్లకు వేసే రబ్బరు బుష్‌లు కర్రల అడుగున తొడిగితే ఆ సమస్య పోతుంది. కర్రను నేలలోకి దించే రకమైతే బుష్ కుదరదు, గొట్టం అడుగున లోపల పాత బెల్టు ముక్క ఒకటి కుట్టించుకోవాలి. రెండు, పెట్టెలో ఇచ్చే మేకులు, తాళ్లు. నాలుగు మిల్లీమీటర్ల సన్న కమ్మీ, పైన వంపు. ఆ కమ్మీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాలికి తాడు లాగుతుంటే మట్టిలోనే తిరిగి, వంపు పక్కకు పోయి తాడు జారిపోతుంది. వాటిని గుడ్డ అడుగు అంచుకు వాడుకోండి. పైతాళ్లకు వేరే మేకులు కావాలి, అవేమిటో కింద చెబుతాం.

గాలి నింపే రకం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది: పంపు కొడితే నాలుగైదు నిమిషాల్లో నిలబడుతుంది, కర్రలు లేవు, వంగడం లేదు. ఐరోపాలో పచ్చిక మైదానాల క్యాంప్‌సైట్ల కోసం తయారైన సరుకు ఇది, అక్కడ బాగానే పనిచేస్తుంది. ఇక్కడ రెండు శత్రువులు. మొదటిది సర్కారు తుమ్మ. రాయలసీమలోనే కాదు, తీరంలోనూ టెంట్ వేసే ఖాళీ జాగాల్లో దాని ముళ్లు ఎండిపోయి మట్టిలో కలిసి ఉంటాయి. రెండోది ఎండ. తెల్లవారుజామున 20 డిగ్రీల్లో 7 పీఎస్ఐ (టైర్ల గాలి ఒత్తిడి కొలిచే లెక్క) నింపిన గొట్టం మధ్యాహ్నం ఎండకు 50 డిగ్రీలు చేరితే లోపలి ఒత్తిడి 9 పీఎస్ఐ దాటుతుంది. కుట్లకు అది భారం. సాయంత్రం 40 డిగ్రీల వేడిలో 7 నింపితే అర్ధరాత్రి 20 డిగ్రీలకు ఐదున్నరకు దిగి తెర కుంగుతుంది. కొన్నవాళ్లు ఎండలో కొంచెం గాలి వదలడం, రాత్రి పడుకునే ముందు మళ్లీ పంపు కొట్టడం అలవాటు చేసుకోవాలి. అంత సేవ చేయించుకునే వస్తువు సెలవు రోజున ఎవరికి కావాలి?

బరకం. నీలం రంగు పలచటి బరకం 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉంటుంది, రెండు మూడు సీజన్ల ఎండకు పొడిపొడిగా రాలుతుంది. 150 నుంచి 200 జీఎస్ఎం తీసుకుంటే నిలుస్తుంది. 5 మీటర్లు, 1.5 మీటర్ల ముక్క 150 జీఎస్ఎంలో 1.1 కిలోలు, 200లో కిలోన్నర. బరువు సమస్య కాదు, చప్పుడు సమస్య. గాలికి రాత్రంతా పటపటమంటుంది. పక్క టెంట్ల వాళ్లు తిట్టుకుంటారు. అంచున ఉండే అల్యూమినియం కన్నాలు మొదటి గట్టి గాలికే గుడ్డతో సహా ఊడివస్తాయి. వాటిని నమ్మకుండా, గుడ్డలో ఒక గుండ్రటి గులకరాయి పెట్టి, మెడ దగ్గర తాడుతో రెండు చుట్లు బిగించి కడితే కన్నం కంటే ఎన్నో రెట్లు బలం. తుంపర పడుతున్నప్పుడు, పొగమంచు కప్పే కొండల్లో, బరకానిదే పైచేయి. మిగతా రోజుల్లో ఇది మంచం కింద ఉండాల్సిన స్పేర్ సరుకు.

షేడ్ నెట్. నర్సరీలకు, పాలీహౌస్‌లకు సామాన్లు అమ్మే కొట్లలో 3 మీటర్ల వెడల్పుతో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. 5 మీటర్లు కోయించి, దాన్ని నిలువునా సగం చేస్తే మీటరున్నర వెడల్పువి రెండు తెరలొస్తాయి. 35, 50, 75, 90 శాతాల్లో దొరుకుతుంది. ఆ సంఖ్య ఎండను ఎంత ఆపుతుందో చెబుతుంది, గాలిని కాదు. అయినా 50 శాతం నెట్‌లో ఉండే సందులు మనకు కావాల్సిన లెక్కకు దగ్గరగా ఉంటాయి. 90 శాతం తీసుకుంటే దాదాపు బరకమే. దారం రకం కూడా అడగండి: మోనో-మోనో అంటే గుండ్రటి దారం అల్లిక, టేప్-టేప్ అంటే బల్లపరుపు పీలికల అల్లిక. గాలికి మోనో-మోనోనే మన్నుతుంది, టేపు రకం పీచులు లేచిపోతుంది. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలను తట్టుకునేదేనా అని అడిగి తీసుకోవాలి.

నెట్‌కు కన్నాలుండవు కనుక తయారీ మనమే చేసుకోవాలి. పై అంచు, కింది అంచు ఐదేసి సెంటీమీటర్లు రెండు మడతలు మడిచి, గోనె సంచులు కుట్టే నైలాన్ దారంతో కుట్టించండి. మామూలు బట్టల దారం ఎండకు తెగుతుంది. ఆ మడతలోంచి 5 మిల్లీమీటర్ల తాడు దూర్చాలి. లాగుడంతా ఆ తాడు మోస్తుంది, నెట్ దానికి వేలాడుతుంది, అంతే. ప్రతి కర్ర దగ్గర మడతను రెండు సెంటీమీటర్లు కత్తిరించి తాడును బయటికి తీసి కర్రకు రెండు చుట్లు వేయాలి. మధ్యలోనూ కిందా జిప్ టైలు (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు). రెండు చివర్ల మాత్రం నెట్‌ను కర్రకు రెండు చుట్లు చుట్టి కట్టకపోతే చివర చిరుగుతుంది. కర్రలుగా మూడు నాలుగు సెంటీమీటర్ల లావు వెదురు బొంగులు చాలు. కణుపుకు కాస్త పైన కోయిస్తే తల చీలదు.

దీని లోపాలూ చెప్పాలి. తుంపర ఆగదు. పరదాగా పనికిరాదు. గాలి వేగం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ మంట ఇంకా కొంచెం ఊగుతుంది. స్టవ్ ఉన్న చోట కింది సగానికి మీటరు పొడవు బరకం ముక్క తగిలిస్తే ఆ ఊగుడు కూడా తగ్గుతుంది. స్టవ్ చుట్టూ పెట్టే రేకు అడ్డు వాడేవాళ్లు ఒక పక్క తెరిచే ఉంచాలి. బర్నర్ కిందే గ్యాస్ డబ్బా ఉండే రకానికి చుట్టూ రేకు మూసేస్తే డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఏ రకం తెర అయినా మంటకు మీటరు దూరంలో ఉండాలి. పాలిస్టర్, నెట్ రెండూ మండేముందే కరిగి చుక్కలుగా రాలతాయి, ఆ చుక్క చర్మానికి అంటుకుంటుంది.

తాళ్లు: ఇక్కడే అంతా ఉంది

లెక్క ఒకటి చూద్దాం. 5 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల ఎత్తు తెర అంటే 7 చదరపు మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి సందుల్లేని తెరను దాదాపు 52 కిలోల బరువుతో తోస్తుంది. 54 కిలోమీటర్లకు అది 118 కిలోలు. గాలి రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. షేడ్ నెట్ అయితే ఇందులో మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దాన్ని ఎక్కువ మార్కులు వేసి ముందు నిలపడానికి ఇదీ ఒక కారణమే.

ఆ 52 కిలోల్లో సగం కర్రల అడుగున నేల మోస్తుంది, మిగతా 26 కిలోలు పైతాళ్లు మోయాలి. తెరకు ఐదు కర్రలు వేసి, ఐదింటికీ తాళ్లుంటే నడిమి కర్ర ఒక్కోదానికి ఆరున్నర కిలోలు. తాడు 45 డిగ్రీల వాలులో ఉంటే దాని మీద 9 కిలోల లాగుడు. ఏ మంచి మేకైనా ఇది మోస్తుంది. అదే రెండు చివరి కర్రలకే తాళ్లు కట్టి మధ్యవాటిని నేలలో దించి వదిలేస్తే చివరి తాడు ఒక్కోదాని మీద 18 కిలోలు, దానికి తోడు గుడ్డ బిగువుగా ఉన్నకొద్దీ అది కర్రలను లోపలికి లాగే బలం ఇంకా ఎన్నో రెట్లు. మధ్య కర్రలు వంగుతాయి, గుడ్డ పొట్ట పెడుతుంది, చివరి మేకు లేస్తుంది. పెట్టె మీది బొమ్మలో తాళ్లు రెండే కనిపిస్తాయి. ఆ బొమ్మ గాలి లేని రోజున తీసింది.

అందుకని ప్రతి కర్రకూ రెండు తాళ్లు: ఒకటి గాలి వైపు, ఒకటి వెనక. చివరి కర్రలకు తెర వరసలోనే బయటికి లాగే తాడు ఇంకొకటి చొప్పున. మొత్తం 12 తాళ్లు. 1.4 మీటర్ల కర్రకు 45 డిగ్రీల తాడు అంటే మేకు 1.4 మీటర్ల దూరంలో, తాడు పొడవు 2 మీటర్లు. ముడులకు కలుపుకుని 3 మీటర్ల చొప్పున కోస్తే 36 మీటర్ల తాడు పడుతుంది. జాగా లేదని మేకు దగ్గరగా కొడితే తాడు నిట్టనిలువై మేకును పైకి పీకుతుంది.

తాడు పాలిస్టర్‌ది, 3 లేదా 4 మిల్లీమీటర్లు, లేత రంగుది తీసుకోండి. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించింది తెల్లవారే మంచుకు వదులై తెర ఊగడం మొదలవుతుంది. ఊగే తెర స్థిరంగా ఉన్నదాని కంటే మేకును త్వరగా వదులు చేస్తుంది. బరకంతో పాటు వచ్చే ప్లాస్టిక్ పురికొస ముడి నిలవదు, జారుతుంది.

ముడి ఒక్కటి వస్తే చాలు. తాడు కొసను మేకు చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి, బిగుతుగా ఉన్న తాడు చుట్టూ ఉచ్చు లోపలి వైపున రెండు చుట్లు, ఉచ్చు బయట పైన ఇంకొక చుట్టు వేసి లాగాలి. చేత్తో జరిపితే జరుగుతుంది, గాలి లాగితే బిగుస్తుంది. పొద్దున, సాయంత్రం ఒక్కసారి అన్ని తాళ్లూ తడిమి సర్దాలి.

వెనక తాడు ఎందుకని అడుగుతారు. తీరంలో మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి వీస్తుంది, రాత్రి బాగా పొద్దుపోయాక నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. కొండల్లో పగలు గాలి వాలు ఎక్కుతుంది, రాత్రి దిగుతుంది. సాయంత్రం ఒకవైపే తాళ్లు కట్టిన తెర తెల్లవారేసరికి స్టవ్ మీద పడి ఉంటుంది.

మూడు నేలలు, మూడు రకాల పట్టు

ఇసుకలో సన్న మేకు పనికిరాదు, వెన్నలోంచి కత్తిలా వచ్చేస్తుంది. వెడల్పాటి ఇసుక మేకులు 30 నుంచి 40 సెంటీమీటర్లవి కావాలి. లేదంటే 5 కిలోల బియ్యం సంచులు తీసుకెళ్లండి. ఒక సంచిలో ఇసుక నింపితే దాదాపు 10 కిలోలు. ఆ సంచిని ఇసుక పైనే పెట్టి తాడు కట్టడం అందరూ చేసే పొరపాటు. 45 డిగ్రీల తాడు సంచిని కొంత పైకి ఎత్తుతూ లాగుతుంది కాబట్టి 10 కిలోల సంచి 5 కిలోల లాగుడుకే జరుగుతుంది. మనకు కావాల్సింది 9. అదే సంచిని 40 సెంటీమీటర్ల గుంతలో అడ్డంగా పడుకోబెట్టి, తాడు దారి కోసం తెర వైపు చిన్న గాడి తీసి, పైన ఇసుక పోసి తొక్కితే ముందున్న ఇసుకంతా దానికి గోడవుతుంది. సంచులు వద్దనుకుంటే 40 సెంటీమీటర్ల కర్ర ముక్కను మధ్యలో తాడు కట్టి అలాగే పాతిపెట్టొచ్చు. పొడి ఇసుక కంటే తడి తగిలే లోతు దాకా తవ్వితే పట్టు బాగుంటుంది. తెర కింది అంచు కూడా ఒక జానెడు ఇసుకలో పూడ్చాలి. కింద సందు ఉంటే గాలి అక్కడ్నుంచి దూసుకొచ్చి ఇసుకను నేరుగా గిన్నెల్లోకి కొడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట నీటి అంచుకు సమాంతరంగా నెట్ వదిలేయకండి, గుంతలు పొద్దున్నే పూడ్చేయండి.

గండికోటలో కథ వేరు. క్వార్ట్‌జైట్ బండ, దాని మీద అక్కడక్కడా బెత్తెడు మట్టి. మేకు దిగదు, బలవంతంగా కొడితే వంగుతుంది. పగుళ్లలోకి 20 సెంటీమీటర్ల మేకులు ఏటవాలుగా దిగితే అదృష్టం. లేకపోతే రాళ్ల పద్ధతి: కొబ్బరికాయంత రాయికి తాడు కట్టి నేల మీద పెట్టి, తెరకూ దానికీ మధ్యన, తాడు మీదుగా, ఇద్దరు మోసేంత పెద్ద రాయి పెట్టాలి. తాడు లాగినప్పుడు చిన్న రాయి పెద్ద రాయికి ఆని ఇరుక్కుంటుంది. పెద్ద రాయికే నేరుగా తాడు చుడితే రాపిడికి తాడు రాత్రికి రాత్రే తెగుతుంది. కోట గోడల రాళ్లు, రాలిపడి ఉన్నవైనా సరే, ముట్టుకోవద్దు. లోయ అంచుకు దగ్గరగా అసలు వద్దు. గోడలా ఉన్న బండకు తగిలిన గాలి పైకి ఎగదన్ని, అంచు దాటాక ఎటు తిరుగుతుందో చెప్పలేం. చీకట్లో తాడు తట్టుకుంటే పడేది ఎక్కడికో కూడా ఆలోచించండి.

ఎర్రమట్టి, కొండ నేల అన్నిటికంటే సులువు. ఇనుప కొట్లో 10 మిల్లీమీటర్ల చువ్వ 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, వెల్డింగ్ షాపులో ఒక కొస వంచి, రెండో కొస సాన పట్టిస్తే జీవితకాలం నిలిచే మేకులు. టెంట్‌హౌస్ వాళ్లు షామియానాకు కొట్టేవి వీటి పెద్దన్నలు. మేకు తల తెరకు దూరంగా వాలి ఉండాలి, తాడుకూ మేకుకూ మధ్య లంబకోణం రావాలి. తెర వైపు వాల్చి కొడితే తాడు తనంతట తాను పైకి జారిపోతుంది. మూడొంతులు దిగాక ఆపకుండా వంపు నేలను తాకేదాకా కొట్టండి. వాన పడితే ఎర్రమట్టి మెత్తబడి పట్టు సగానికి పడుతుంది. అప్పుడు ఒక మేకు వెనక అర మీటరు దూరంలో రెండోది కొట్టి మొదటిదాని తలకు తాడుతో కలపాలి. నల్లరేగడి అయితే ఎండినప్పుడు పగుళ్లు లేని చోటు వెతుక్కోవాలి, తడిస్తే దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కొండ శిఖరం మీద గాలి అన్నిటికంటే వేగంగా ఉంటుంది. వంజంగిలో మేఘాలు కనిపించాలని కొన మీదే కూర్చునే బదులు, గాలికి వెనకవైపు వాలులో కాస్త దిగితే తెర పని సగం తగ్గుతుంది.

నిలబెట్టే వరస

చేతి రుమాలు ఎత్తి పట్టుకుని గాలి ఎటో చూసుకోండి, రెండు మూడు నిమిషాలు చూడాలి. తెరను నేల మీద పరిచి, కర్రలు దూర్చి, ఇంకా పడుకునే ఉండగా గాలి వైపు తాళ్లన్నీ మేకులకు వదులుగా కట్టేయాలి. అప్పుడే లేపాలి. ముందు లేపి తర్వాత మేకులు కొడదామంటే నలుగురు మనుషులు కావాలి, ఒకరు సుత్తి కోసం వెతుకుతుంటారు. గాలి వైపు తాళ్లు బిగించాక చివరి తాళ్లు, ఆ తర్వాత వెనకవి, ఆఖరున కింది అంచు. కర్రలు నిట్టనిలువుగా కాకుండా గాలి వైపు కొద్దిగా, ఐదు డిగ్రీలు, వాలితే బాగుంటుంది.

వరస తిన్నగా వద్దు. తిన్నటి గోడ తనంతట తాను నిలబడదు. రెండో, నాలుగో కర్రల దగ్గర కాస్త వంచి, వెడల్పాటి పళ్లెం అంచులా, 120 నుంచి 135 డిగ్రీల మలుపులు ఇస్తే చివరి రెక్కలు మధ్య భాగానికి ఊతమవుతాయి, గాలి దిక్కు కొంచెం మారినా పనిచేస్తుంది. నాలుగు వైపులా మూసేయకండి. వంట చేసేచోట వెనక వైపు తెరిచే ఉండాలి. కారును గాలికి అడ్డంగా పెట్టి తెర పని తప్పించుకుందామనుకునేవాళ్లకు: కారు కిందినుంచి గాలి ఈదరగా వస్తుంది, ఆ సందుకు కూడా నెట్ కావాలి. తెర తాడు కారుకు కడితే తాళంచెవి కట్టినవాళ్ల జేబులోనే ఉండాలి, లేకపోతే పాల ప్యాకెట్ కోసం వెళ్లినవాళ్లు తెరనూ ఊళ్లోకి తీసుకెళ్తారు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు కార్న్‌వాల్‌కో వేల్స్ తీరానికో పిల్లలతో క్యాంపింగ్‌కు వెళ్తే లెక్క కొంచెం మారుతుంది. అక్కడ మెత్తటి పచ్చిక నేల, తరచూ నైరుతి నుంచి గాలి, చాలా సూపర్‌మార్కెట్లలో వేసవిలో విండ్‌బ్రేక్‌లు. రెడీమేడ్ కర్రల రకమే కొనండి, షేడ్ నెట్ కోసం తిరగక్కర్లేదు. తాళ్ల లెక్క మాత్రం అదే. చాలా క్యాంప్‌సైట్లలో మంటల భయం వల్ల ఒక టెంట్‌కూ ఇంకో టెంట్‌కూ మధ్య 6 మీటర్ల ఖాళీ ఉండాలన్న నియమం ఉంటుంది. ఆ ఖాళీలో గాలి అడ్డు పెట్టనిస్తారో లేదో ముందే అడగాలి.

ఎప్పుడు దించాలి

గాలి 40 కిలోమీటర్లు దాటితే గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది, కరెంటు తీగలు ఈల వేస్తాయి. అది హెచ్చరిక. 50 దాటుతుందని వాతావరణ శాఖ చెబితే తెర దించేయాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరంలో వాయుగుండం మాట వినపడితే అసలు వెళ్లకూడదు. దించేటప్పుడు ముందు స్టవ్ ఆర్పి, తెర వెనకనుంచి మనుషులను తప్పించండి. కింది అంచు మేకులు తీయకండి. వెనక తాళ్లు విప్పి, ఆ తర్వాత గాలి వైపు తాళ్లను ఒక చివర నుంచి వరసగా వదిలితే తెర గాలి వాటున మెల్లగా వెనక్కి పడుకుంటుంది. పడుకున్నాక ఒక చివర నుంచి కర్రలతో సహా చుట్టుకుంటూ వస్తూ కింది మేకులు ఒక్కొక్కటే తీయాలి. ముందు మేకులన్నీ పీకేసి చుడదామనుకుంటే 7 చదరపు మీటర్ల గుడ్డ చేతుల్లో ఉండదు.

కొట్టుకు వెళ్లేటప్పుడు కావాల్సినవి: 50 శాతం మోనో-మోనో నెట్ 5 మీటర్లు, అంచుల్లోకి 5 మిల్లీమీటర్ల తాడు 12 మీటర్లు, 3 లేదా 4 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు 36 మీటర్లకు బదులు 40, వెదురు బొంగులు 5 (ఇసుకకైతే 1.8 మీటర్లవి, గట్టి నేలకు 1.5వి), చువ్వ మేకులు 14, కింది అంచుకు సన్న కమ్మీలు 4, జిప్ టైలు 20, కిలో బరువు సుత్తి ఒకటి. ఇసుకకు వెళ్తే చువ్వ మేకుల బదులు 12 బియ్యం సంచులు, ఒక పార.